మాట చేజారినా కథ అందాలి: ఒక స్కూల్ బృందానికి లండన్‌లో నాటకాలు ఎంచిన కేసు

విదేశాలకు వెళ్ళే స్కూల్ బృందాలకు కార్యక్రమం వేసి, టికెట్లు తీసిపెట్టడం నా పని. అందులో నాటకాల వాటా చిన్నదే గానీ, మాటపట్టింపులు ఎక్కువగా అక్కడే వస్తాయి. మ్యూజియంలో విసుగొస్తే పిల్లలు పక్క హాల్లోకి జారుకుంటారు. థియేటర్‌లో ఆ వీల్లేదు. లైట్లు ఆర్పాక రెండున్నర గంటలు ఉన్నచోటే ఉండాలి. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం, ఇందులో దాదాపు ప్రతి నిర్ణయానికీ అవతలి వైపు కూడా గట్టి వాదనే ఉండటం. స్కూలు పేరు, ఏడాది వదిలేశాను. పిల్లల్ని గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

నేపథ్యం

36 మంది పిల్లలు, 13 నుంచి 16 ఏళ్ల వాళ్ళు. నలుగురు టీచర్లు. లండన్‌లో ఆదివారం దిగి శనివారం బయల్దేరడం, మధ్యలో ఆరు రాత్రులు. పిల్లలు చదివేది ఇంగ్లీషు మీడియమే. చక్కగా చదువుతారు, రాస్తారు. ఇంట్లో మాత్రం ఇంకో భాష. వాళ్ళ దేశపు గడియారం లండన్ వేసవి సమయం కన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది. ఈ రెండు సంగతులూ మొదట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చివరికి సగం నిర్ణయాలు వీటి చుట్టూనే తిరిగాయి.

నాటకాలన్నిటికీ కలిపి తలకు 70 పౌండ్లు దాటకూడదని స్కూలు షరతు. ఒక అమ్మాయికి మోకాలి ఆపరేషన్ అయి కొద్ది నెలలే అయింది, ఎక్కువసేపు నిలబడలేదు. ఒక అబ్బాయికి మెరుపు లైట్లు పడితే తలనొప్పి మొదలై రోజంతా వదలదు.

స్కూలు తెచ్చిన సమస్య

ప్రిన్సిపాల్ పంపిన జాబితాలో మూడు షోలు ఉన్నాయి. సిలబస్‌లో షేక్‌స్పియర్ ఉన్నాడు కాబట్టి, ఆయన నాటకాలు ఆడే గ్లోబ్ థియేటర్‌లో ఏదో ఒకటి. పిల్లలు గోల చేస్తున్నారు కాబట్టి హ్యారీ పాటర్. సీనియర్ ఇంగ్లీషు టీచరు గారికి ఎప్పటి నుంచో కోరిక కాబట్టి అగాథా క్రిస్టీ హత్య నాటకం ది మౌస్‌ట్రాప్. వీటిలో ఒకటి దిగిన రోజు సాయంత్రమే పెట్టాలి, "ఆ సాయంత్రం ఎలాగూ ఖాళీ" అన్నారు. పేరెంట్స్ తరఫున రెండు షరతులు: ఇబ్బందికరమైన సన్నివేశాలు ఉండకూడదు, రాత్రి పదికల్లా పిల్లలు హోటల్లో ఉండాలి.

జాబితాలో ప్రతి పేరు వెనకా ఒక కారణం ఉంది. సిలబస్, సరదా, పాత కోరిక. కానీ ఆ 36 మంది ఆ హాల్లో కూర్చున్నాక వాళ్ళకు ఏం అర్థమవుతుందన్నది ఆ కారణాల్లో ఎక్కడా లేదు. డబ్బు చూస్తే మూడూ పట్టవు. సమయం చూస్తే హ్యారీ పాటర్ ఒక్కటే రెండు షోల పెట్టు. 2016లో ప్యాలెస్ థియేటర్‌లో మొదలైన ఆ నాటకం అప్పటికి లండన్‌లో రెండు భాగాలుగానే ఆడుతోంది. రెండూ చూస్తే ఐదు గంటల పైన, టికెట్ కూడా రెండింతలు. ఒక భాగం చూపించి తీసుకొచ్చేస్తే పిల్లలు నన్ను క్షమించరు.

ఓటింగ్ ఎందుకు పనికిరాలేదు

స్కూలు వాళ్ళు తమ పద్ధతిలో ఒక ఓటింగ్ పెట్టారు. పోస్టర్లు చూపించి మూడింటికి టిక్కు పెట్టమన్నారు. పైకి తేలినవి హ్యారీ పాటర్, ద లయన్ కింగ్, వికెడ్. మూడూ సినిమాగా తెలిసినవే. మౌస్‌ట్రాప్‌కు ఓట్లు రాలకపోవడానికి కారణం కూడా ఇదే తీగలో దొరుకుతుంది. లండన్‌లో థియేటర్ల పేట అయిన వెస్ట్ ఎండ్‌లో ఆ నాటకం ఆడుతున్నంతకాలం దాన్ని సినిమాగా తియ్యకూడదని ఒప్పందం. 1952 నవంబరులో లండన్‌లో మొదలైనది, కోవిడ్ రోజుల్లో ఆగిన కాలం తప్ప ఇంకా ఆడుతూనే ఉంది. పిల్లలు ఎక్కడ చూసి ఉంటారు?

కాబట్టి ఆ ఓట్లు ఇష్టాన్ని చెప్పలేదు, పరిచయాన్ని చెప్పాయి. వాటిని అవతల పారెయ్యమని నేను అనలేదు. పిల్లలకు ఏ కథలు ముందే తెలుసో చెప్పే కాగితంగా దాచుకున్నాను. కథ ముందే తెలిసి ఉండటం చిన్న విషయం కాదని తర్వాత తేలింది.

లయన్ కింగ్ మీద నాకూ మొగ్గు ఉంది. 1999 నుంచి లైసియం థియేటర్‌లో ఆడుతోంది. ముసుగులు, తోలుబొమ్మలు, నటుల ఒళ్ళే జంతువులుగా మారే తీరు. మాట పట్టుబడకపోయినా కంటికి కావలసినంత. అడ్డొచ్చింది సీట్లు. మొదటి పాటలో జంతువుల ఊరేగింపు స్టాల్స్ అనే కింది అంతస్తు సీట్ల నడవల మధ్య నుంచి వేదిక మీదికి వెళ్తుంది. మా డబ్బుకు దొరికినవి పై అంతస్తు వెనక వరసలు. లైసియం రెండు వేల మందికి పైగా పట్టే హాలు. అంత పైనుంచి చూస్తే కింద నడవలో ఏం నడుస్తోందో సగం కనిపించదు. ఆ షోకు ప్రాణమైన అయిదు నిమిషాలు పోగొట్టుకోవడానికి డబ్బు కట్టడం ఎందుకు?

వికెడ్ వద్దనుకోవడానికి కారణం వేరు. ఓజ్ అనే మాయాలోకం కథ చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన ప్రేక్షకుల కోసం అల్లిన కథ అది. మీకు తెలిసిన మంత్రగత్తె నిజానికి ఎవరంటే, అని మొదలవుతుంది. "మీకు తెలిసిన" అన్నదే మా పిల్లల్లో చాలామందికి లేదు. సినిమా చూసినవాళ్ళు ఉన్నారు, చూడనివాళ్ళు అంతకన్నా ఎక్కువ.

హిస్టరీ సార్ విక్టర్ హ్యూగో నవల మీద అల్లిన లే మిజరబ్లాను గట్టిగా పట్టుకున్నారు. ఫ్రెంచి విప్లవం పాఠానికి సరిపోతుందని. అందులో బారికేడ్లు 1789 నాటివి కావు, 1832 జూన్‌లో పారిస్‌లో జరిగిన తిరుగుబాటువి. ఈ పొరపాటు ఆయనొక్కరిదే కాదు, చాలామంది చేస్తారు. అయినా నేను పక్కన పెట్టింది అందుకు కాదు. మొత్తం పాటల్లోనే నడిచే షో అది. పాటలో ఒక చరణం చేజారితే వెనక్కి పట్టుకోవడానికి మామూలు సంభాషణ ఉండదు. సాయంత్రం ఆట ముగిసేసరికి పది దాటుతుంది, పేరెంట్స్ షరతు మొదటిరోజే పోతుంది. మధ్యాహ్నం ఆట ఉన్న రోజు గ్లోబ్‌తో ఢీకొంటోంది.

చెవి పరీక్ష

ఎవరి వాదన వాళ్ళు చేస్తుంటే తేలేలా లేదని ఒక చిన్న పరీక్ష పెట్టమన్నాను. బ్రిటిష్ నటులు మాట్లాడిన ఒక రేడియో నాటకం నుంచి మూడు నిమిషాల ముక్క. ఇద్దరి మధ్య వాగ్వాదం. ఒక్కసారే వినిపించాలి. తర్వాత పిల్లలు రెండు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఎవరికి ఏం కావాలి, ఎందుకు గొడవ?

వచ్చిన కాగితాలు టీచరు ఫోటోలు తీసి పంపారు. గొంతులోని కోపం, భయం దాదాపు అందరూ పట్టుకున్నారు. "ఆవిడ ఏదో దాస్తోంది" అని రాసినవాళ్ళు కూడా ఉన్నారు, అది నిజమే. గొడవకు కారణం మాత్రం ఎక్కువమంది తప్పు రాశారు. ఒకతను అద్దె గురించి అనుకున్నాడు, ఇంకొకరు పెళ్ళి గురించి. అసలు గొడవ ఒక ఉత్తరం గురించి. తర్వాత అదే ముక్క అచ్చులో ఇచ్చారు. అప్పుడు దాదాపు అందరూ సరిగ్గా చెప్పారు.

ఇంగ్లీషు రాకపోవడం కాదు సమస్య. పుస్తకంలో చూస్తే తెలిసే మాట ఆ యాసలో, ఆ వేగంతో వచ్చినప్పుడు చెవి పట్టుకోవడం లేదు. ఇది తేలాక మౌస్‌ట్రాప్ సంగతి వేరుగా కనిపించింది. మంచులో చిక్కుకున్న ఒక ఇల్లు, అందులో కొద్దిమంది మనుషులు, ఒకే గది, ఒక హత్య. కంటికి మారేది దాదాపు ఏమీ లేదు. ఆధారాలన్నీ మాటల్లోనే ఉంటాయి. ఎవరు ఎప్పుడు ఏమన్నారో గుర్తుంచుకోవడమే అందులో ఆట. ఒక మాట పోతే ఒక ఆధారం పోయినట్టు.

మొదట నాకు తోచిన మందు క్యాప్షన్ ప్రదర్శన. వేదిక పక్కన ఎల్ఈడీ బోర్డు మీద నటులు పలుకుతున్నప్పుడే మాటలు కనిపిస్తాయి. స్టేజ్‌టెక్స్ట్ అనే చారిటీ 2000 సంవత్సరం నుంచి అక్కడ ఈ పని చేయిస్తోంది. మా పిల్లల బలం చదవడంలో ఉంది కాబట్టి అచ్చు గుద్దినట్టు సరిపోతుందనిపించింది. రెండు అడ్డంకులు వచ్చాయి. ఒక్కో షోకు ఇలాంటి ఆటలు అరుదుగా పెడతారు, మా వారంలో కుదిరేది ఒక్కటీ లేదు. రెండోది నాకే నచ్చలేదు. ఆ బోర్డు బాగా కనిపించే సీట్లు వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం ఉంచుతారు. 36 మందిని తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఇద్దరు ముగ్గురు పిల్లల కోసమైతే అడిగేవాడిని.

అప్పటి నుంచి ప్రతి షోనూ ఒకే ప్రశ్నతో చూశాం. మాట చేజారిన క్షణంలో పిల్లవాడి చేతిలో ఇంకా ఏం మిగులుతుంది? బొమ్మ మిగలొచ్చు, ట్యూన్ మిగలొచ్చు, ముందే తెలిసిన కథ మిగలొచ్చు, నటుడి ఒంటి కదలిక మిగలొచ్చు. రెండైనా మిగలకపోతే అందరికీ చూపించే షోగా పెట్టొద్దు.

ఎంచినవి, వాటి లెక్క

ఈ ప్రశ్నకు బాగా నిలబడినవి రెండు: కేంబ్రిడ్జ్ థియేటర్‌లో రోల్డ్ డాల్ కథ మీద అల్లిన పాటల నాటకం మటిల్డా, గ్లోబ్‌లో ఆ సీజన్‌లో ఆడుతున్న షేక్‌స్పియర్ హాస్య నాటకం ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్.

రెండోదాని మీద ప్రిన్సిపాల్‌కు అనుమానం. 1952 నాటి ఇంగ్లీషు కష్టమన్న మనిషి నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు ఎలా సిఫార్సు చేస్తాడని. సరైన ప్రశ్నే. నా జవాబు ఇది. హత్య నాటకంలో ప్రేక్షకుడికి ముందే కథ చెప్పకూడదు, చెబితే నాటకమే పోతుంది. డ్రీమ్‌కు ఎంత ముందే చెబితే అంత మేలు. అది పిల్లల సిలబస్‌లోనే ఉంది. పైగా గ్లోబ్‌లో పట్టపగలు ఆట. నటులకు ప్రేక్షకుల ముఖాలు కనిపిస్తాయి, నేరుగా వాళ్ళతోనే మాట్లాడతారు, వాళ్ళ మధ్యలోంచి నడుస్తారు. నవ్వించేది సగం ఒళ్ళే. ఒక వాక్యం పోయినా మనిషి ఏం కోరుకుంటున్నాడో కనిపిస్తూనే ఉంటుంది.

డబ్బు కూడా అక్కడే కలిసొచ్చింది. 1997లో తెరిచిన ఈ గ్లోబ్‌లో పైకప్పు లేని యార్డులో 700 మంది దాకా నిలబడి చూస్తారు. నిలబడే టికెట్ అప్పట్లో ఐదు పౌండ్ల నుంచి దొరికేది. అక్కడ మిగిల్చిన డబ్బు మటిల్డా సీట్ల మీద పెట్టాం. రెండు షోలకూ మధ్యరకం టికెట్లు కొనడం కన్నా, ఒకచోట చవకగా దగ్గరగా నిలబడి, రెండోచోట మంచి సీట్లో కూర్చోవడం మేలని నా అభిప్రాయం. మధ్యరకం సీటు తరచూ ఏ స్తంభం వెనకో, ఏ చూరు కిందో ఉంటుంది.

మటిల్డాకు వచ్చిన అభ్యంతరం, "పెద్ద పిల్లలు చిన్నపిల్లల షో అంటారు." అంటారని నాకూ తెలుసు. కానీ కథ బడిలో నడుస్తుంది, అన్యాయం చేసే హెడ్‌మిస్ట్రెస్ మీద పిల్లల తిరుగుబాటు. విడమర్చి చెప్పనక్కర్లేదు. అందులో బడి గేటు దగ్గర ఒక పాట ఉంది. కొత్త పిల్లల్ని సీనియర్లు బెదిరిస్తుంటారు. పాట మాటల్లో ఏ నుంచి జెడ్ వరకు అక్షరాలు వరసగా దాగి ఉంటాయి, ఆ అక్షరం పలికినప్పుడే గేటు కంతల్లో ఆ అక్షరపు దిమ్మ పడుతుంది. పాట వేగానికి పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకే మాటలు పూర్తిగా అందవు. అయినా ఆట అర్థమవుతుంది. మా ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

తేదీలు, సమయం

మొదట అనుకున్నది మే చివరి వారం. అక్కడి బడులకు సెలవు వారం అది. స్కూల్ బృందాల రేట్లు సాధారణంగా మామూలు వారాల్లో, సోమవారం నుంచి గురువారం వరకే ఇస్తారు. సెలవు వారాల్లో పూర్తి రేటు. ఒక వారం పక్కకు జరిపితే చాలు, మటిల్డాలో మంచి వరసలు అదే డబ్బుకు వచ్చాయి. విమాన టికెట్లు కొనకముందే నాటకాల రేట్లు చూడమని స్కూళ్ళకు చెబుతుంటాను. ఈ స్కూలు విన్నది.

దిగిన సాయంత్రం షో సంగతి. ఏడున్నరకు తెర లేస్తే పిల్లల ఒంటి గడియారంలో అర్ధరాత్రి పన్నెండు. ముగిసేసరికి రెండున్నర దాటుతుంది. దానికి ముందు రాత్రి విమానంలో నిద్ర అంతంతమాత్రం. ఆ సాయంత్రం ఖాళీ కాదు, నిద్రకు కేటాయించిన సమయం అని రాసి పంపాను. ప్రిన్సిపాల్ వెంటనే ఒప్పుకోలేదు. టికెట్ ధరను 36తో హెచ్చవేసి, పిల్లలు హాల్లో నిద్రపోవడానికి అయ్యే ఖర్చు ఇంత అని రాశాక ఒప్పుకున్నారు.

మటిల్డా బుధవారం మధ్యాహ్నం ఆటకు, గ్లోబ్ గురువారం మధ్యాహ్నానికి పెట్టాం. పగలు రెండు పూటలు పోతే మ్యూజియంలు ఎప్పుడు చూస్తారని అడిగారు. బ్రిటిష్ మ్యూజియం శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది. దాన్ని అటు జరిపాం. మధ్యాహ్నం ఆట వల్ల ఇంకో లాభం, చూసొచ్చాక పిల్లలు దాని గురించి మాట్లాడుకోవడానికి ఒక సాయంత్రం మిగులుతుంది. రాత్రి ఆట అయితే బస్సులోనే తలలు వాలిపోతాయి.

పేరెంట్స్‌కు రాసిన ఉత్తరం మీద కొంత సమయం పెట్టాను. "వయసుకు తగిన షోలే" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టొచ్చు, చాలామంది అదే చేస్తారు. నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. మటిల్డాలో హెడ్‌మిస్ట్రెస్ ఒక పాపను జడలు పట్టి గిరగిరా తిప్పి విసిరేస్తుంది, తల్లిదండ్రులు కూతుర్ని తిడతారు. డ్రీమ్‌లో ప్రేమజంటలు, కొన్ని మోటు హాస్యాలు ఉంటాయి, గ్లోబ్‌లో వాటిని దాచరు. ముందే తెలిస్తే ఇబ్బంది సగం తగ్గుతుంది. ఒక ఇంటి నుంచి ప్రశ్నలు వచ్చాయి, టీచరు మాట్లాడారు, అందరూ సంతకం పెట్టారు. మెరుపు లైట్ల గురించి థియేటర్‌కు విడిగా రాసి, అవి ఏయే సన్నివేశాల్లో వస్తాయో తెలుసుకుని ఆ అబ్బాయి తల్లికి పంపాం. ఆవిడే నిర్ణయించుకున్నారు, వెళ్ళనిచ్చారు. అతని సీటు నడవ పక్కన, టీచరు పక్కనే.

ముందస్తు తయారీలో బెడిసికొట్టినది

స్కూలు ఒక కథాసారాంశం అచ్చువేసి పంచింది, దాని మీద క్విజ్ కూడా పెట్టింది. పిల్లలు మార్కుల కోసం బట్టీ కొట్టారు. హెర్మియా లైసాండర్‌ను ప్రేమిస్తుంది, హెలెనా డెమెట్రియస్‌ను. అడిగితే టకటకా చెబుతారు. ఒక పాత ప్రదర్శన వీడియో ముక్క వేసి, "వీళ్ళలో హెలెనా ఎవరు?" అంటే నోళ్ళు పెగల్లేదు. కాగితం మీద పేర్లు తెలుసు, మనుషులు తెలియరు.

సారాంశం పక్కన పెట్టి ఆడించమన్నాను. రంగు రిబ్బన్లు కట్టుకుని నలుగురు ప్రేమికులుగా నిలబడి, అడవిలో మూడో అంకం తగువును సొంత మాటల్లో పోట్లాడుకోవడం. ఎవరు ఎవరి వెంట పడుతున్నారో ఒక్క పీరియడ్‌లో ఒంటికి ఎక్కింది. ఆ తర్వాత చివరి అంకంలో చేతిపనులు చేసుకునేవాళ్ళు వేసే నాటకం, అసలు వాక్యాలతోనే. అందులో స్నౌట్ అనేవాడు గోడ వేషం వేస్తాడు. రెండు వేళ్ళు ఎడంగా పట్టుకుని నిలబడితే అదే గోడలో కన్నం. ప్రేమికులిద్దరూ అందులోంచే గుసగుసలాడుకుంటారు. క్లాసులో నోరు విప్పని ఒక కుర్రాడికి ఆ గోడ వేషం ఇచ్చారు.

మటిల్డాకు తయారీ తేలిక అనుకున్నారు. 2022 సినిమా చూడమని ఇంటికి పంపారు. ఇది సగం పనిచేసింది, సగం తికమక పెట్టింది. రంగస్థలం మీద మటిల్డాకు ఒక అన్న ఉంటాడు, సినిమాలో అతన్ని తీసేశారు. ఇంటర్వెల్‌లో "ఆ సోఫాలో అబ్బాయి ఎవరు?" అని నలుగురైదుగురు అడిగారట. సినిమా ట్యూన్లను చెవికి అలవాటు చేస్తుంది, అంతవరకే. తేడాలు ఏమిటో టీచరు ముందు చెప్పాలి.

అక్కడ జరిగింది

బుధవారం సాఫీగానే పోయింది. స్టాల్స్ బాగా వెనక వరసలు తీసుకుంటే సర్కిల్ అనే పై అంతస్తు చూరు అడ్డొచ్చి వేదిక పైభాగం తెగిపోతుందని, మేము సర్కిల్లోనే సీట్లు తీశాం. టీచర్లు నలుగురూ ఒకచోట కాకుండా వరస చివర్లలో కూర్చున్నారు. ఇంటర్వెల్ ఇరవై నిమిషాలే, బాత్రూమ్ క్యూ దానికన్నా పొడుగు, అందుకని ఆటకు ముందే అందరినీ పంపారు. ఆటకు ముందు పిల్లలకు ఒకటే పని ఇచ్చాం. కథ ఎక్కడ చేజారిందో, ఎక్కడ మళ్ళీ దొరికిందో రాత్రికి ఒక కార్డు మీద రాయాలి. చాలామంది పాటల్లో మాటలు పోయాయని రాశారు, కథ పోయిందని మాత్రం రాయలేదు. పెద్ద పిల్లల్లో కొందరు చిన్నపిల్లల షో అనే రాశారు. ఆ ఖర్చు మేము తెలిసే భరించాం.

గురువారం గొడవైంది. గ్లోబ్‌కు ముందు ఉదయం విశ్రాంతి అని నేను రాసినచోట, అక్కడి ఏర్పాట్లు చూసే ఏజెన్సీ నడక టూర్ పెట్టేసింది. సెయింట్ పాల్స్, మిలీనియం బ్రిడ్జి, ఒడ్డు వెంబడి. పిల్లలు యార్డులోకి వచ్చేసరికే కాళ్ళు లాగుతున్నాయి. పైగా చినుకులు. అక్కడ గొడుగు తెరవనివ్వరు, వెనకవాళ్ళకు అడ్డం. ఆట జరుగుతుండగా కింద కూర్చోనివ్వరు. తెచ్చుకున్న రెయిన్‌కోట్లు వేసుకుని నిలబడ్డారు. అరగంటకు ఒక అమ్మాయి నేల మీద కూర్చుంటే, ఒక వాలంటీర్ వచ్చి మర్యాదగానే లేవమన్నారు.

ఇక్కడ కాపాడినవి యార్డు చుట్టూ ఉండే గ్యాలరీ సీట్లు. మోకాలి నొప్పి అమ్మాయికి, తోడున్న టీచరుకు రెండు చాలు. నేను ఎనిమిది తీయించాను. 36 మందిలో ఎవరో ఒకరికి ఒంట్లో బాగుండదని ముందే అనుకోవచ్చు, అప్పటికప్పుడు సీట్లు దొరుకుతాయని అనుకోలేం. మొదటి సగంలో నీరసంగా ఉన్నవాళ్ళు పైకి వెళ్ళారు, ఇంటర్వెల్‌లో టికెట్లు మార్చుకుని వేరేవాళ్ళు ఎక్కారు. అవి వీపు ఆనించుకునే వీల్లేని చెక్క బెంచీలే, ఆ పూటకు సింహాసనాల్లా కనిపించాయట.

కింద నిలబడ్డవాళ్ళు వేదిక అంచుకు చేరారు. గోడ సన్నివేశం వచ్చింది. నటుడు ఇంకా చెయ్యి ఎత్తలేదు, యార్డులో గోడ వేషం కుర్రాడు తన రెండు వేళ్ళూ ఎత్తి పట్టుకున్నాడు. నటుడు చూశాడు. ఒక క్షణం ఆగి, ఆ వేళ్ళను పరీక్షగా చూసి, తన వేళ్ళు కాస్త ఎడంగా సర్దుకున్నాడు. యార్డంతా నవ్వింది. టీచరు ఫోన్‌లో చెబుతుంటే ఆవిడ గొంతులో అలసట లేదు. నోరు విప్పని కుర్రాడి కార్డు మీద చేజారిన చోట్లు చాలానే ఉన్నాయి, దొరికిన చోటు ఒక్కటే, అడుగున గీత గీసి మరీ రాశాడు.

తర్వాత మార్చుకున్నవి

గ్లోబ్ ఉన్న రోజు ఉదయం ఖాళీ అని రాయడం మానేశాను. "హోటల్లో టిఫిను, పదకొండుకు భోజనం, నడక లేదు" అని రాస్తాను. ఖాళీ అని కనిపిస్తే ఎవరో ఒకరు నింపేస్తారు. చెవి పరీక్షను ఇప్పుడు జాబితా అడగకముందే పెట్టిస్తున్నాను. జాబితా తయారయ్యాక పెడితే ఎవరి పేరు వాళ్ళు కాపాడుకోవడానికే చూస్తారు.

డబ్బు విషయంలో ఒకటి. బృంద టికెట్లు చాలాచోట్ల ముందు పేరు మీద పట్టి ఉంచుతారు, పూర్తి డబ్బు తర్వాత కట్టాలి, కట్టాక తిరిగి రాదు. వీసాలు వచ్చే తేదీ, డబ్బు కట్టే తేదీ పక్కపక్కన రాసుకుని, వీసాలు చేతికొచ్చాకే సంఖ్య ఖరారు చేసేలా అడగాలి. ఈసారి అడిగితే కొన్ని రోజులు పొడిగించారు.

మౌస్‌ట్రాప్ సంగతి మిగిలింది. సీనియర్ టీచరు గారు పట్టు వదల్లేదు, పూర్తిగా వద్దనడానికి నాకూ మనసొప్పలేదు. శుక్రవారం సాయంత్రం, చివరి రాత్రి, ఇష్టమున్నవాళ్ళకు మాత్రమే, ఖర్చు ఇంటివాళ్ళది, పది గంటల షరతు మీద ఇంటి నుంచి విడిగా ఒప్పుదల అని పెట్టాం. తొమ్మిది మంది చేతులెత్తారు. వాళ్ళు మొదటి అంకం మాత్రం ముందే గట్టిగా చదువుకున్నారు, పాత్రలు పంచుకుని. మనుషులు, గొంతులు పరిచయమవ్వాలి, హంతకుడు కాకూడదు. మౌస్‌ట్రాప్ ఆడే సెయింట్ మార్టిన్స్ 550 సీట్ల చిన్న హాలు, వెనక వరస నుంచి కూడా ముఖాలు కనిపిస్తాయి. చివరి రాత్రికి పెట్టడానికి కారణం, వారమంతా ఆ యాస వీధిలో, బస్సులో, దుకాణంలో వింటూ ఉంటే చెవి కొంత సాగుతుంది. ఇద్దరు టీచర్లు వాళ్ళతో, మిగతా ఇద్దరు 27 మందితో బ్రిటిష్ మ్యూజియంకు.

తొమ్మిది మందీ ఆట ఆసాంతం పట్టుకున్నారు. ఒకరిద్దరు రెండో అంకంలో ఒక ఆధారం జారిపోయిందన్నారు, పక్కవాళ్ళు ఇంటర్వెల్ తర్వాత చెవిలో ఊదారట. ముగింపు బయట చెప్పొద్దని చివర్లో నటులే ప్రేక్షకుల్ని కోరతారు. తిరుగు విమానంలో మిగతా 27 మంది ఎంత వేధించినా వీళ్ళు నోరు విప్పలేదు.

మొత్తం 36 మందినీ తీసుకెళ్ళి ఉండాల్సిందని టీచరు గారు ఇప్పటికీ అంటారు. ఇష్టపడి వచ్చిన తొమ్మిది మంది కాబట్టే కుదిరిందని నేనంటాను. తర్వాతి బృందానికి మేమిద్దరం ఒప్పుకున్నది ఒక్కటే, మాటలు ఎక్కువున్న షో ఏదైనా చివరి రాత్రికే వెళ్ళాలి.